ఒక గంట ఎక్కువ నిద్ర: సపోర్ట్ టీమ్‌లో కబుర్లు ఆగిపోయిన తరవాత జరిగిన ఒక తప్పు

2023 నవంబరు 6, సోమవారం ఉదయం 8 గంటలకు హైదరాబాద్‌లోని ఒక సపోర్ట్ టీమ్ చూసుకునే బ్యాచ్ జాబ్ (రోజూ ఒకే వేళకు తనంతట తాను నడిచే ప్రోగ్రామ్) ఎప్పటిలాగే మొదలైంది, ఎప్పటిలాగే ముగిసింది. తెర మీద అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. సాయంత్రం అమెరికాలో తెల్లవారాక అక్కడి క్లయింట్ సంస్థ చెల్లింపుల విభాగంలో ఒక ఉద్యోగికి అనుమానం వచ్చింది. బీమా ఏజెంట్లకు ఇవ్వాల్సిన కమిషన్ల మొత్తం నిన్నటి అంకెతో పైసా తేడా లేకుండా సరిపోయింది. ఆమె చెల్లింపుల జాబితాను నిలిపేసి ఫోన్ చేశారు. మన జాబ్ ముందురోజు ఫైలునే మళ్ళీ తీసుకుని రెండోసారి పంపిందని అప్పుడు తెలిసింది. ఆ రోజు రావాల్సిన అసలు ఫైలు ఫోల్డర్‌లో ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంది. డబ్బు బయటికి పోలేదు కాబట్టి నష్టం లేదు. కానీ క్లయింట్ నమ్మకం దెబ్బతింది, ఎస్కలేషన్ (పై అధికారులకు ఫిర్యాదు) పైదాకా వెళ్ళింది.

మా సంస్థలో ఇలాంటి ఘటనల వెనుక కారణాలు వెతకడం నా పని. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. సాంకేతిక కారణం అరపూటలో దొరికింది. దానితో ఆగి ఉంటే అసలు కారణం ఎప్పటికీ దొరికేది కాదు.

సాంకేతిక కారణం ఇది. క్లయింట్ సర్వర్ ప్రతి రాత్రి న్యూయార్క్ సమయం 10 గంటలకు ఫైలు పంపుతుంది. వేసవిలో అది మనకు ఉదయం 7.30. మన జాబ్ 8 గంటలకు లేచి దాన్ని తీసుకుంటుంది. 2007 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం అమెరికాలో అత్యధిక ప్రాంతాల గడియారాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతాయి. మన దేశంలో ఆ పద్ధతి లేదు. 2023లో ఆ నవంబరు ఆదివారం 5వ తేదీన వచ్చింది. ఆ రాత్రి ఫైలు కూడా న్యూయార్క్ సమయం 10 గంటలకే బయలుదేరింది, కానీ మనకు అది 8.30 అయింది. భారత సమయం ప్రకారం నడిచే జాబ్ 8 గంటలకే లేచి, ఫోల్డర్‌లో కనిపించిన పాత ఫైలును తీసుకుంది. ఫైలు లోపలి తేదీని సరిచూసే తనిఖీ ఆ ప్రోగ్రామ్‌లో లేదు.

మామూలు ఆర్‌సీఏ (మూల కారణాల విశ్లేషణ) నివేదిక ఇక్కడ ముగుస్తుంది: తేదీ తనిఖీ చేర్చాలి, జాబ్‌ను న్యూయార్క్ సమయ మండలానికి కట్టాలి. రెండూ సరైన సిఫార్సులే, రెండూ చేశాం. అయితే ఇదే లోపంతో ఇదే జాబ్ అంతకుముందు ఎన్నో నవంబర్లు దాటుకుని వచ్చింది. అప్పుడు తప్పు ఎందుకు జరగలేదు?

ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే, జూన్‌లో వేరే ప్రాజెక్టుకు మారిన పాత మాడ్యూల్ లీడ్ (ప్రోగ్రామ్‌లో ఒక భాగాన్ని చూసే టీమ్ పెద్ద) దగ్గరికి చేరాను. టీమ్‌లో చిన్నవాళ్ళంతా ఆయన్ని అన్నా అని పిలిచేవారు. ఏటా నవంబరులో జాబ్‌ను 9 గంటలకు జరపడం, మార్చిలో మళ్ళీ 8కి తేవడం ఆయన చేత్తో చేసేవారు. వెళ్ళేటప్పుడు ఇచ్చిన కేటీ (పని వివరాల అప్పగింత) పత్రాలు నేను చదివాను. శ్రద్ధగా, వివరంగా ఉన్నాయి. ఈ ఒక్క సంగతి మాత్రం లేదు. అడిగితే ఆయన అన్నారు: "అది పత్రంలో రాసేంత విషయమని నాకెప్పుడూ తోచలేదండీ. నవంబరు వస్తోందంటే టీ దగ్గర ఎవరో ఒకరు గుర్తుచేసేవారు. అంతకుముందు ఏడు నాకు గుర్తుచేసింది టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడే."

కాబట్టి గడియారం సంగతి టీమ్‌లో ఒకరి తలలో దాగి ఉన్న రహస్యం కాదు. అది టీ దగ్గర, క్యాబ్‌లో, వాట్సాప్ గ్రూపులో అందరి నోళ్ళలో తిరుగుతూ ఉన్న విషయం. మనిషి వెళ్ళిపోవడం ఒక్కటే కారణమైతే ఆ కుర్రాడైనా గుర్తుచేసి ఉండాలి.

టీమ్ అధికారిక ఛానల్‌లో ఆ వారం సందేశాలన్నీ చదివాను. నాకు మొదటి ఆధారం అక్కడ ఉన్న దానిలో కాక, లేని దానిలో దొరికింది. నవంబరు 5 ఆదివారం ప్రపంచ కప్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో దక్షిణాఫ్రికా మీద విరాట్ కోహ్లి 49వ వన్డే సెంచరీ కొట్టి సచిన్ రికార్డును అందుకున్నాడు. పైగా అది అతని పుట్టినరోజు. సగం మందికి పైగా ముప్పై దాటని టీమ్ ఇది. సోమవారం ఉదయం ఛానల్‌లో ఆ మాటే లేదు. ఒకరు టికెట్ (సమస్యను అధికారికంగా నమోదు చేసే పత్రం) నంబరు పెట్టారు, ఇంకొకరు "నోటెడ్" అన్నారు, మరొకరు బొటనవేలి గుర్తు పెట్టారు. కోహ్లి సెంచరీ గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోని టీమ్‌లో, న్యూయార్క్ గడియారం గురించి మాట్లాడుకుంటారని ఆశించలేం.

పాత గ్రూపు

ఆగస్టు దాకా ఈ టీమ్‌కు సొంత వాట్సాప్ గ్రూపు ఉండేది. వాళ్ళందరూ ఒప్పుకున్నాక, వాళ్ళలో ఒకరు పక్కన కూర్చుని ఉండగా ఆ గ్రూపును వెనక్కి జరుపుతూ చదివాను. అందులో ఒక సాయంత్రం ఇలా ఉంది:

"క్యాబ్ రూట్ మార్చారట, మియాపూర్ వాళ్ళు ముందు దిగాలి."
"హైక్ లెటర్లు ఎప్పుడో ఎవరికైనా తెలుసా?"
"ఈ రోజు క్యాంటీన్ పప్పులో ఉప్పే లేదు."
"అన్నా, మూడో సర్వర్ మధ్యాహ్నం నుంచి నెమ్మదిగా ఉంది. మీకూ అలాగే ఉందా?"
"ఉంది. నిన్న వాళ్ళు ప్యాచ్ వేశారు కదా."
"అయితే రాత్రి వాళ్ళకు చెప్పండి, రిపోర్ట్ ఆలస్యమవుతుంది."
"చెప్పాను. పప్పు సంగతి కూడా చెప్పాను."

గ్రూపు నిండా ఇవే కబుర్లు. కొండాపూర్‌లో ఇంటి అద్దెలు, ఆన్‌సైట్ అవకాశాలు, వీసా లాటరీ, అప్రైజల్‌లో ఎవరికి ఏ రేటింగ్ వచ్చిందన్న గుసగుసలు, బెంచ్ మీదకు (ప్రాజెక్టు లేకుండా ఖాళీగా) వెళ్తామేమోనన్న దిగులు, పెళ్ళి సెలవు ఇవ్వని మేనేజర్ మీద కోపం. వీటి మధ్యలో, వీటిలో కలిసిపోయి, పనికి సంబంధించిన మాటలు. పని మాటను ఒక పక్కకు, పప్పు మాటను ఇంకో పక్కకు జల్లించి వేరుచేయాలని మొదట నేనూ ప్రయత్నించాను. అలా వేరుచేస్తే రెండూ అర్థం కోల్పోతాయి. రాత్రి షిఫ్ట్ వాళ్ళు ఆ గ్రూపు తెరిచేది పప్పు సంగతి కోసమే. తెరిచారు కాబట్టే సర్వర్ సంగతి చూశారు.

"మీకూ అలాగే ఉందా?" అన్న ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. దీనికి టికెట్ వేయలేం. టికెట్ వేయాలంటే ఏం చెడిందో తెలియాలి, ఏ విభాగమో ఎంచుకోవాలి, ఎంత అత్యవసరమో చెప్పాలి. టికెట్ తెరిచిన క్షణం నుంచి ఎస్‌ఎల్‌ఏ (ఒప్పందం ప్రకారం పరిష్కరించాల్సిన గడువు) గడియారం మొదలవుతుంది. తరవాత అది ఉత్తదని తేలితే ఎవరు వేశారని అడుగుతారు. ఇంకా ఖాయం కాని అనుమానానికి మా వ్యవస్థలన్నిటిలో చోటు లేదు. ఆ అనుమానం బతికేది కబుర్లలోనే. అక్కడ తప్పుగా అడిగినా ఎవరూ లెక్కలోకి తీసుకోరు, సరిగ్గా అడిగితే నలుగురు జాగ్రత్తపడతారు.

ఇది మన ఐటీకే ప్రత్యేకం కాదు. జెరాక్స్ సంస్థలో ఫొటోకాపీ యంత్రాలు బాగుచేసే సాంకేతిక నిపుణులను 1980లలో జూలియన్ ఆర్ అనే మానవ శాస్త్రవేత్త దగ్గరుండి గమనించారు. సంస్థ ఇచ్చిన మాన్యువల్‌లో లేని లోపాలను వాళ్ళు టిఫిన్ దగ్గర, భోజనం దగ్గర ఒకరికొకరు చెప్పుకునే అనుభవాల సాయంతో పట్టుకునేవారని ఆయన చూపించారు. బయటివారికి కాలక్షేపంలా కనిపించే ఆ ముచ్చట్లు వాళ్ళ పనిలో భాగం. తరవాత జెరాక్స్ యురేకా అనే వ్యవస్థ కట్టింది. నిపుణులు తమ చిట్కాలను అందులో పెట్టేవారు, తోటి నిపుణులే వాటిని సరిచూసేవారు, రాసినవారి పేరు చిట్కా పక్కన ఉండేది. అది పనిచేయడానికి కారణం, మాటను తోటివారి చేతుల్లోనే ఉంచడమని నేను నమ్ముతాను.

ఏం మారింది

గ్రూపును మూయించింది ప్రాజెక్ట్ మేనేజర్. ఆయన్ని దోషిగా చూపడం ఈ నివేదిక ఉద్దేశం కాదు. ఆయనకు గట్టి కారణమే ఉంది. ఎవరో తొందరలో పెట్టిన ఒక స్క్రీన్‌షాట్‌లో ఒక పాలసీదారుడి వివరాలు కనిపించాయి. ఆ ఆగస్టులోనే మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. క్లయింట్ ఒప్పందంలో అంతకంటే కఠినమైన నిబంధనలున్నాయి. సొంత ఫోన్లలో, బయటి యాప్‌లో క్లయింట్ సమాచారం ఉండకూడదన్నది న్యాయమైన మాట. అయితే గ్రూపును మూసి, అందరినీ అధికారిక ఛానల్‌లోకి పంపారు. ఆ ఛానల్‌లో క్లయింట్ మేనేజర్లు ఉన్నారు, మా డెలివరీ హెడ్ ఉన్నారు. అక్కడ "మీకూ అలాగే ఉందా?" అని అడగడానికి రెండేళ్ళ అనుభవమున్న అమ్మాయికి ధైర్యం ఎలా వస్తుంది?

రెండో మార్పు సీట్లది. ఇంటి నుంచి పని, ఆఫీసు నుంచి పని కలిపిన రోస్టర్ వచ్చింది. ఉన్న కొద్ది సీట్లు పంచుకోవడానికి టీమ్‌ను రెండుగా విడదీశారు. ఒక సగం వచ్చే రోజుల్లో మరో సగం రాదు. 2020 మొదటి ఆరు నెలల్లో అమెరికాలోని 61,182 మంది మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనంలో, అందరూ ఇంటి నుంచి పనిచేస్తే జట్ల మధ్య సంబంధాలు తగ్గి, ఎవరి గుంపులో వాళ్ళు బిగుసుకుపోతారని తేలింది. మా ఫ్లోర్ మీద ఒకే జట్టు లోపల అదే జరిగింది.

మూడోదాన్ని ఎవరూ మార్పుగా కూడా గుర్తించలేదు. అది క్యాబ్‌ది. రాత్రి షిఫ్ట్ ఉదయం 6.30కి ముగుస్తుంది. ఇదివరకు ఉదయం వాళ్ళను తెచ్చే బండి 6 గంటలకే వచ్చేది, రాత్రి వాళ్ళను దింపే బండి వేరే. మధ్యలో అరగంట అందరూ ఫ్లోర్ మీద కలిసి ఉండేవారు. ఖర్చు తగ్గించడానికి రవాణా విభాగం రెండు ట్రిప్పులను కలిపింది. ఉదయం వాళ్ళను దింపిన బండే రాత్రి వాళ్ళను ఎక్కించుకుని వెంటనే బయలుదేరుతుంది. అప్పటి నుంచి రెండు షిఫ్ట్‌ల వాళ్ళు కలిసేది గేటు దగ్గరే. ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కుతారు, చెయ్యి ఊపుకుంటారు. షిఫ్ట్ పని అప్పగించే హ్యాండోవర్ మెయిల్ మాత్రం ప్రతి రోజూ తప్పకుండా వెళ్ళింది, అన్ని గడులూ నింపి.

శుక్రవారం రాత్రి కాల్

ఈ కేసులో నన్ను అన్నిటికంటే కదిలించింది రాత్రి షిఫ్ట్ ఇంజినీరు చెప్పిన మాట. ఆమె ఆ శుక్రవారం రాత్రి డ్యూటీలో ఉన్నారు. "ఏం తప్పు జరిగింది?" అని నేను ఎవరినీ అడగను, అడిగితే మనుషులు బిగుసుకుపోతారు. "ఆ రాత్రి ఎవరెవరితో ఏం మాట్లాడారు?" అని అడుగుతాను. ఆమె గుర్తుచేసుకుంటూ చెప్పారు: "కాల్ చివర్లో క్లయింట్ వైపు ఆవిడ చాలా సంతోషంగా ఉంది మేడమ్. ఈ ఆదివారం తనకు ఒక గంట ఎక్కువ నిద్ర దొరుకుతుందని చెప్పింది. వాళ్ళ పాప రాత్రిళ్ళు నిద్రపోదు. హాయిగా పడుకో అన్నాను."

చెబుతూ చెబుతూనే ఆమె ఆగిపోయారు. హెచ్చరిక మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. అది తేదీతో సహా, మూడు రోజుల ముందే, మా టీమ్ చెవిన పడింది.

ఆమెకు గడియారం జాబ్ సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు, ఆమె చూసేది వేరే మాడ్యూల్. పాత రోజుల్లో అయితే శనివారం ఉదయం అందరూ ఫ్లోర్ మీద కలిసి ఉండే ఆ అరగంటలో "వాళ్ళకు ఒక గంట ఎక్కువ నిద్రట, మనకెప్పుడో" అని ఉండేవారు. వింటున్న వాళ్ళలో ఆ కుర్రాడు ఉండేవాడు. అతనికి వెంటనే జాబ్ గుర్తుకు వచ్చేది. ఒకరి దగ్గర సగం, ఇంకొకరి దగ్గర సగం ఉన్న సమాచారం కలవడానికి కావలసింది ఐదు నిమిషాల కబుర్లు. ఆ శనివారం ఆమె 6.30కి గేటు దగ్గర బండి ఎక్కారు. హ్యాండోవర్ మెయిల్‌లో క్లయింట్ ఉద్యోగి నిద్ర గురించి రాయడానికి గడి లేదు.

ఏం చేశాం

ముందుగా ఏం ఫలించలేదో చెబుతాను. నేను రాకముందే మేనేజర్ శుక్రవారం సాయంత్రాల్లో ఒక గంట సరదా వీడియో కాల్ పెట్టారు, హాజరు తప్పనిసరి. అందరూ వచ్చేవారు, కెమెరాలు తెరిచేవారు, పిలిస్తే పలికేవారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. హాజరు తీసుకునే చోట, పై అధికారి వింటున్న చోట కబుర్లు పుట్టవు. నేర్చుకున్న పాఠాల ఫారం కూడా ఒకటి ఉండేది. నెలాఖరున నింపేవారు, ఒకే వాక్యం నెల నెలా కాస్త మార్చి.

నా సిఫార్సుల్లో అన్నిటికంటే కష్టపడి సాధించింది ఇరవై నిమిషాలు. రాత్రి బండి 6.30కి కాకుండా 6.50కి కదలాలి, ఉదయం వాళ్ళు 6.30కే ఫ్లోర్ మీద ఉండాలి. రవాణా విభాగం ఒప్పుకోలేదు. బండి ఆగితే తరవాతి ట్రిప్పు ఆలస్యమవుతుందన్నారు. మేనేజర్ ఒప్పుకోలేదు. ఆ సమయాన్ని టైమ్‌షీట్‌లో ఏ కోడ్ కింద రాయాలన్నారు. రెండూ నిజమైన ఇబ్బందులే. చివరికి క్లయింట్‌కు పంపిన నివేదికలో నిద్ర మాట సంగతి ఉన్నది ఉన్నట్టు రాశాను. అది చదివాక ఆ ఇరవై నిమిషాలను షిఫ్ట్ మార్పిడి సమయంగా బిల్లు చేయడానికి వాళ్ళే అంగీకరించారు. దానికి అజెండా లేదు, నోట్స్ లేవు, మేనేజర్ రారు. అజెండా పెడదామని మధ్యలో రెండుసార్లు ప్రతిపాదన వచ్చింది, రెండుసార్లూ గట్టిగా వద్దన్నాను.

ఎక్కడ కలవాలన్నది చిన్న విషయం కాదు. పాత రోజుల్లో టీ అంటే గేటు బయట టీ బండి దగ్గర, సిగరెట్లు కాల్చే మగవాళ్ళ మధ్య. టీమ్‌లోని ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళేవారు కాదు. వాళ్ళలో ఒకరు నాతో అన్నారు: "ఏ విషయమైనా మాకు ఒక పూట ఆలస్యంగా తెలిసేది మేడమ్. రేటింగ్‌ల సంగతైనా, రిలీజ్ వాయిదా పడిన సంగతైనా." పాత కబుర్లను తలచుకుని మురిసిపోయే ముందు ఈ మాట వినాలి. వాటిని ఉన్నవి ఉన్నట్టు తిరిగి తెస్తే ఆ అన్యాయం కూడా తిరిగి వస్తుంది. అందుకే ఫ్లోర్ మీది ప్యాంట్రీ దగ్గర ఎత్తు బల్లలు వేయించి, ఉదయం పూట అక్కడికే టీ తెప్పించాం.

భువనేశ్వర్ నుంచి వచ్చిన ఇంజినీరు ఇంకో సంగతి చెప్పాడు. తెలుగు కబుర్ల మధ్య అతనికి నవ్వులు వినిపించేవి, ఎందుకో తెలిసేది కాదు. దీనికి నియమం పెట్టలేం. తెలుగులో మాట్లాడుకోవద్దని చెబితే కబుర్లే చచ్చిపోతాయి. టీమ్‌తో ఈ విషయం విప్పి మాట్లాడాను, అంతే. ఇప్పుడు అతను ఉన్నప్పుడు ఎవరో ఒకరు హిందీలోకి మారుతున్నారు. ఎప్పుడూ కాదు, ఎక్కువసార్లు. ఇది సగం పరిష్కారమే.

వాట్సాప్ గ్రూపును తెరవలేదు. కంపెనీ సొంత టూల్‌లో టీమ్ సభ్యులకు మాత్రమే ఒక మూసిన ఛానల్ ఇచ్చాం. అందులో మేనేజర్ ఉండరు, క్లయింట్ ఉండరు. నియమాలు రెండే: స్క్రీన్‌షాట్ పెట్టకూడదు, పాలసీ వివరాలు రాయకూడదు. టికెట్ నంబరు చాలు. చట్టం ప్రకారం అవసరమైతే తప్ప ఆ ఛానల్‌ను ఎవరూ చదవరని మేనేజర్ చేత రాతపూర్వకంగా హామీ ఇప్పించాను. మొదటి వారాల్లో అక్కడ ఎవరూ ఏమీ రాయలేదు. నమ్మకం కుదరడానికి సమయం పట్టింది. ఆ తరవాత ఎవరో క్యాంటీన్ ఇడ్లీ గురించి ఫిర్యాదు రాశారు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

ఏం కనిపించింది

2024 మార్చి 10న అమెరికా గడియారాలు మళ్ళీ జరిగాయి. జాబ్ సరిగ్గా నడిచింది. దాన్ని నేను కబుర్ల ఖాతాలో వేయను, అది ప్రోగ్రామ్‌లో చేసిన మార్పు ఫలితం. నేను లెక్కలోకి తీసుకునేది మరో ఘటన. ఒక ఉదయం ప్యాంట్రీ దగ్గర రాత్రి షిఫ్ట్ వాళ్ళు ఒక మాట చెప్పారు, క్లయింట్ వైపు ఒకావిడ ప్రసూతి సెలవు మీద వెళ్తోందని, శుభాకాంక్షలు పంపుదామని. కార్డు మీద ఏం రాయాలని చర్చ నడుస్తుండగా ఉదయం షిఫ్ట్ కుర్రాడు అడిగాడు: "ఆవిడ లాగిన్ పేరు మీదే కదా మనకు రోజువారీ రిపోర్ట్ వస్తోంది? తొంభై రోజులకు పాస్‌వర్డ్ గడువు ముగిస్తే మార్చేది ఎవరు?" ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆమె సెలవు మొదలయ్యేలోపు ఆ రిపోర్ట్‌ను సర్వీస్ ఖాతాకు (ఒక మనిషి పేరు మీద లేని లాగిన్‌కు) మార్పించారు. ఇది ఏ నివేదికలోనూ విజయంగా కనిపించదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. నేను పట్టుబట్టి ఆ టీమ్ చేత ఇది రాయించాను, పేర్లతో సహా. జరగని తప్పును పట్టుకున్నవారి పేరు కూడా అప్రైజల్‌లో కనిపించాలి.

కబుర్ల వల్ల హాని లేదని చెప్పను. అదే ఛానల్‌లో ప్రాజెక్టు మూతపడుతోందన్న పుకారు పుట్టింది. ఇద్దరు వేరే ఉద్యోగాలు వెతకడం మొదలుపెట్టారు. ఇంకోసారి ఒకరి రేటింగ్ గురించి నొప్పించే మాట వచ్చింది, ఆ అమ్మాయి వారం పాటు ప్యాంట్రీ వైపు రాలేదు. ఛానల్ మూసేద్దామన్న ఒత్తిడి మళ్ళీ వచ్చింది. పుకారుకు మందు మూత కాదని, ప్రాజెక్టు ఒప్పందం ఎప్పటిదాకా ఉందో టీమ్‌కు సూటిగా చెప్పడమని వాదించాను. మేనేజర్ చెప్పారు, పుకారు ఆగింది. రెండోదాన్ని టీమ్‌లో పెద్దవాళ్ళు తామే సరిచేసుకున్నారు, ఎలాగో నేను అడగలేదు.

ఇంకా పరిష్కారం కానిది శని, ఆదివారాల షిఫ్ట్. ఇప్పుడు ఆ రెండు రోజులూ ఇంటి నుంచి ఒక్కరే పనిచేస్తారు, ఆ రోజంతా ఇంకో మనిషితో మాట ఉండదు. అదే అంతస్తులోని మరో ప్రాజెక్టులో కూడా వారాంతం ఒక్కరే ఉంటారు కాబట్టి, ఇద్దరినీ జతచేసి ఆఫీసులో పక్కపక్కన కూర్చోబెట్టమని వచ్చే త్రైమాసికం బడ్జెట్‌లో అడిగాను. అప్పటిదాకా ఆ షిఫ్ట్‌లో ఉన్నవారికి ప్రతి శనివారం సాయంత్రం పాత మాడ్యూల్ లీడ్ ఫోన్ చేస్తున్నారు. ఆయన ఇప్పుడు ఆ ప్రాజెక్టులో లేరు, ఆ ఫోన్ ఆయన డ్యూటీ కాదు. దాన్ని ఆయన మంచితనానికి వదిలేయకుండా రోస్టర్‌లోకి ఎక్కించాలని, ఆ సమయాన్ని ఆయన టైమ్‌షీట్‌లో చూపాలని నివేదిక చివరి పేజీలో రాశాను.